పురుగును చూసి చేసిన వస్తువే షెడ్డులో నిలబడేది



మన గ్రూపులో ఈ మధ్య కొత్త వస్తువుల వీడియోలు బాగా తిరుగుతా ఉన్నాయి. కొమ్మ కోసే మిషన్, గూళ్లు విడిపించే మిషన్, షెడ్డులో వేడి ఎంతుందో ఫోనులో చూపించే పెట్టె. ఏ వీడియో కింద చూసినా ఒకటే ప్రశ్న: "రేటు ఎంత? సబ్సిడీ ఉందా?" అడగాల్సిందే. కానీ దానికి ముందు ఇంకో ప్రశ్న అడగాలని మా మాట. ఇది చేసినవాళ్లు పురుగును ఎన్నాళ్లు చూసి చేసినారు? పని చేసే చేతిని ఎన్నాళ్లు చూసి చేసినారు?

లోకం మెచ్చుకున్న వస్తువులు కొన్ని మన పట్టులోనే ఉన్నాయి. వాటిని చూస్తే ఈ ప్రశ్న ఎందుకో తెలుస్తుంది.

మొదటిది జపాను వాళ్ల తిరిగే చంద్రిక. పండుపురుగుకు పైకి ఎక్కే గుణం ఉందని మన ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. జపాను వాళ్లు ఆ గుణాన్నే పనికి పెట్టుకున్నారు. అట్టతో గదులు చేసిన చట్రాలు 10 కలిపి ఒక సెట్టుగా కట్టి, నడిమిన ఇరుసు పెట్టి వేలాడదీస్తారు. ఒక్కో చట్రంలో 156 గదులు. పురుగులు పైకి చేరేకొద్దీ పైభాగం బరువెక్కి చట్రం తనంతట తానే తిరగబడుతుంది. పైనున్నవి కిందికొస్తాయి, మళ్లీ ఎక్కుతాయి, దారిలో ఖాళీ గది దొరికిన పురుగు అక్కడే గూడు మొదలుపెడుతుంది. కరెంటు లేదు, మోటారు లేదు. గదికి ఒక పురుగే కాబట్టి జంట గూళ్లు, మరక గూళ్లు తగ్గుతాయి. పురుగు బరువే అక్కడ మోటారు.

రెండోది అమెరికాలో చేసింది. 2013లో ఎంఐటీ మీడియా ల్యాబులో నేరి ఆక్స్‌మన్ అనే డిజైనరమ్మ, ఆమె జట్టు కలిసి పట్టుపురుగుల చేతనే ఒక గుమ్మటం నేయించినారు. ముందు మిషన్‌తో పట్టు దారం పరిచి 26 పలకలు చేసి జోడించినారు. తర్వాత దాని మీద 6,500 పురుగులను వదిలినారు. పురుగులు గూడు కట్టకుండా ఆ పలకల మీదనే పల్చగా పట్టు పరుచుకుంటా పోయినాయి. ఎందుకంటే, దారం తగిలించుకునేదానికి కొంత ఎత్తు లేకపోతే పురుగు గూడు కట్టలేదు, చదునుగా పరిచేస్తుంది. చంద్రికలో నుంచి కిందపడిన పురుగు నేల మీద ఇదే పని చేస్తే మనం చూసినాము, ఊడ్చి పారేసినాము. మనకు నష్టంగా కనిపించినది ఆమెకు గోడ కట్టే పద్ధతిగా కనిపించింది. ఆ గుమ్మటం తెచ్చి మార్కెట్టులో వేలానికి పెడితే కిలోకు ఎవరూ పాట పాడరు, నిజమే. అయినా మన పురుగు గురించి మనకు తెలిసిన సంగతి ఇంత విలువైనదని అది చూపించింది.

మూడోది మన తెలుగు గడ్డ మీదనే పుట్టింది. తెలంగాణలో ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపిన మనిషి. పోచంపల్లి చీర నేసే ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు దారాన్ని చేత్తో వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్లమ్మ లక్ష్మి రోజూ ఆ పని చేసి భుజం నొప్పితో అల్లాడుతా ఉంటే చూసినాడు. ఏళ్ల తరబడి కూర్చి, విప్పి, మళ్లీ కూర్చి 1999లో ఆసు యంత్రం పూర్తి చేసి దానికి అమ్మ పేరే పెట్టినాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చినారు. ఇంజనీరు చదువు లేని మనిషి అంత దూరం పోయినాడంటే, అమ్మ చెయ్యి ఎట్లా కదులుతుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఒరిస్సాలో ఉండే మనవాళ్లకు నాలుగోది తెలిసే ఉంటుంది. దసలి పట్టు నూలు తీసేదానికి ఆడవాళ్లు తొడ మీద దారం రుద్ది రుద్ది తీస్తారు, చర్మం పాడైపోతుంది. ఆ పద్ధతి మాన్పించాలని కేంద్ర పట్టు మండలి బునియాద్ అనే రీలింగ్ యంత్రాలు పంచింది. కూర్చుని నూలు తీయవచ్చు, ఒంటికి గాయం లేదు.

ఇప్పుడు మన షెడ్డుకు వద్దాము. వేడి చూపించే పెట్టె సంగతే తీసుకోండి. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీల వేడి, 70 శాతం తేమ కావాలని మనకు తెలుసు. ఆ లెక్క తడిగుడ్డ కట్టిన థర్మామీటరు కూడా చెప్తుంది. ఇల్లు ఒకచోట, షెడ్డు ఒకచోట ఉన్నవాళ్లకు అర్ధరాత్రి ఫోను మోగించి లేపే పెట్టె అయితే పనికొస్తుంది. షెడ్డు పక్కనే పండుకునేవాళ్లు దానికోసం అప్పు చేయాల్సిన పని లేదు.

మాకు బాధ కలిగించేది వేరే ఉంది. వంద గుడ్ల పంటలో నడుము విరిగే పని ఏది? కొమ్మ మోపులు మోసేది, పడక తీసేది, పండుపురుగులను ఒక్కొక్కటిగా ఏరి నేత్రికల మీద వేసేది. ఆ ఏరే పని ముఖ్యంగా ఆడవాళ్లది. ఒకటి రెండు దినాల్లో ముగించాలి, నిద్ర ఉండదు. వీడియోల్లో వచ్చే వస్తువుల్లో ఈ పని కోసం చేసినవి ఎన్ని ఉన్నాయి? అమ్మేవాళ్లు వచ్చి మగవాళ్లతో మాట్లాడి పోతారు. లోపల పురుగులు ఏరుతా ఉండే మనిషిని "అమ్మా, నీకు ఏడ నొప్పి?" అని అడిగినవాళ్లను మేము ఇంతవరకు చూడలేదు. మన పిల్లలు ఈ పని వద్దని బెంగుళూరు బస్సు ఎక్కేదానికి ఆ నడుము నొప్పి కూడా ఒక కారణమే.

అందుకే ఇకమీద ఎవరు వస్తువు తెచ్చినా మూడు సంగతులు చూద్దాము. ఒకటి, ఒక పంట పూర్తిగా మన షెడ్డులోనే పెట్టి చూపిస్తారా? రెండు, చెడిపోతే మన ఊరి వెల్డింగు షాపులో బాగవుతుందా? మూడు, ఇంట్లో ఆడవాళ్లు దాన్ని ముట్టుకుని, వాడి చూసి, సరే అన్నారా? ఈ మూడింటికీ అవునని జవాబు వస్తే రేటు మాట్లాడదాము.

ఇంకొకటి. మనలో చానా మంది సొంతంగా ఏదో ఒకటి చేసుకున్నవాళ్లే. పాత సైకిల్ చక్రంతో ఆకు బండి, పైపులతో స్టాండు, చీరల గుడ్డతో ఊజీ ఈగకు తెర. చేసి వాడుకుంటాము, ఎవరికీ చెప్పము. మల్లేశం ఇట్లాగే మొదలుపెట్టినాడు. మీరు చేసుకున్నదాని ఫొటో, కొలతలు, అయిన ఖర్చు రాసి ఈ పత్రికకు పంపండి. కోలారులో, హోసూరులో, ఒరిస్సాలో ఉన్న మనం ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాస్తే అందరికీ అర్థమవుతుంది. నెలకు నాలుగు మంచివి ఏరి మైసూరులోని పట్టు పరిశోధన కేంద్రానికి కూడా పంపుదాము. పండుపురుగులు ఏరే పనిని తేలిక చేసేది ఎవరి దగ్గరైనా ఉంటే ముందుగా దాన్నే పంపండి.