దుర్బీను కొంటే పంది చస్తుందా?

చెనక్కాయ ఊరే వేళకు, రాగి కంకి పాలు పోసుకునే వేళకు హోసూరు, డెంకణికోట, బాగేపల్లి, పావగడ చుట్టుపక్కల పల్లెల్లో మగవాళ్లు ఇంట్లో పడుకోరు. మంచె మీదనే కాపురం. డబ్బాలు కొడతారు, టపాకాయలు పేలుస్తారు, మంగలి షాపుల నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లుతారు, పాత చీరలు కట్టి చేను చుట్టూ తిప్పుతారు. అడవిపందులు నాలుగు రోజులు బెదురుతాయి, అయిదో రోజు అలవాటు పడిపోతాయి. ఒక్క రాత్రి గుంపు దిగిందంటే తెల్లారేసరికి చేను ట్రాక్టరుతో దున్నినట్టే. అటు సిరొంచలో వరిమడి, రాయగడలో మొక్కజొన్న చేను గతీ ఇంతే.

ఈ విసుగులోనే కుర్రకారు చూపు ఇప్పుడు తుపాకీ మీదికి, దాని నెత్తిన బిగించే దుర్బీను మీదికి మళ్లింది. సెల్‌ఫోన్లో అమెరికా వీడియోలు చూస్తున్నారు. మూడు నాలుగు వేలకే స్కోపు వస్తుందట, ఏది తీసుకుంటే మంచిదని ఒకరినొకరు అడుగుతున్నారు. అడగడంలో తప్పులేదు. పంట పోయినవాడు దారి వెతుక్కుంటాడు. అయితే ఆ వీడియోల్లోని వేట వేరు, మన చేలో జరిగేది వేరు.

పంటను, పశువుల బీళ్లను పాడుచేసే చిన్న జంతువులను అమెరికాలో 'వార్మింట్' అంటారు. ప్రెయిరీ డాగ్ అనే నేల ఉడత, కొయోట్ అనే నక్క జాతి జంతువు అలాంటివి. అక్కడివాళ్లు ఎక్కువగా పట్టపగలు, కనుచూపు మేర ఇల్లు లేని బయలులో, రెండు మూడు వందల గజాల అవతల ఉన్న పిడికెడు జంతువును సన్నని వేగమైన తూటాతో కొడతారు. అందుకే వాళ్లకు పదహారు, పద్దెనిమిది రెట్లు పెద్దది చేసి చూపే స్కోపు కావాలి. ఇక్కడ పంది వచ్చేది చీకట్లో. కనబడేది ముప్పై నలభై గజాల్లో. అవతల గట్టున ఇంకో రైతు మంచె ఉంటుంది.

రెట్లు ఎక్కువైతే స్కోపు గొప్పదన్న భ్రమను మొదట వదులుకోవాలి. 4×32 అని రాసి ఉంటే నాలుగు రెట్లు చూపిస్తుందని, ముందు అద్దం 32 మిల్లీమీటర్లని అర్థం. రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే ఎనిమిది వస్తుంది. కంటికి చేరే వెలుగు కిరణం వెడల్పు అన్ని మిల్లీమీటర్లన్నమాట. చీకట్లో పడుచువాళ్ల కంటిపాప సుమారు ఏడు మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది, యాభై దాటినవాళ్లకు అయిదు దగ్గరే ఆగిపోతుంది. అదే 40 మిల్లీమీటర్ల అద్దంతో 18 రెట్లు పెట్టి చూస్తే వచ్చే వెలుగు రెండు మిల్లీమీటర్లకు కాస్త పైన. మసక చీకట్లో ఏమీ ఆనదు. పైగా నలభై గజాల్లో ఉన్న పంది అందులో నాలుగు వెంట్రుకలుగా కనబడుతుంది గాని తల ఏదో తోక ఏదో తెలియదు. పక్కన మనిషి ఉన్నాడా అన్నది అసలే తెలియదు. రైఫిల్ లైసెన్సు ఉండి, అధికారుల అనుమతి ఉన్నవాళ్లకు నాలుగు రెట్ల మామూలు స్కోపు చాలు. లేదంటే 3-9×40 తీసుకుని మూడు దగ్గరే ఉంచుకోవాలి.

డబ్బు తక్కువున్నప్పుడు దాన్ని పెట్టాల్సింది రెట్ల మీద కాదు, బిగింపు మీద. చవక స్కోపు ఓడిపోయేది అద్దం దగ్గర కంటే తుపాకీ తన్నే తాపు దగ్గర. పది గుళ్లు పేలేసరికి లోపలి గీత జరిగిపోతుంది. రింగులు వదులైతే ఎంత ఖరీదు స్కోపైనా దండగే. పాత .315 రైఫిళ్లలో చాలావాటికి స్కోపు కూర్చునే చోటే ఉండదు, తెలిసిన తుపాకీ మేస్త్రీ చేత బిగింపు చేయించాలి. కంటికీ వెనుక అద్దానికీ నడుమ మూడంగుళాలకు తగ్గకుండా ఎడం ఉండాలి, లేకుంటే మొదటి గుండుకే కనుబొమ చీలుతుంది. కొన్నాక పరీక్ష సులువే. గురి కుదిరాక మర పైకి ఇరవై టిక్కులు, కుడికి ఇరవై, కిందికి ఇరవై, ఎడమకు ఇరవై తిప్పి, తిప్పినప్పుడల్లా కాల్చి చూడాలి. చివరి గుండు మొదటి గుండు పక్కనే తగిలితే స్కోపు నిలకడైనది. తగలకపోతే అది బొమ్మ.

ఇదంతా రైఫిల్ ఉన్నవాడి మాట. మన రైతుల్లో రైఫిల్ ఉన్నదెవరికి? 1959 నాటి ఆయుధ చట్టం 13వ సెక్షన్ పంట కాపుకు ముందుగా చెప్పేది నోటితో మందు దట్టించే తుపాకీనే. అది చాలదని అధికారికి తోస్తే ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టంతో, లోపల మరలు లేని ఇంకో తుపాకీ ఇవ్వొచ్చు. అలాంటి గొట్టంలోంచి వెళ్లిన గుండు నలభై గజాలు దాటితే ఎటు పోతుందో చెప్పలేం. దానికి దుర్బీను తగిలించడం ఎద్దుబండికి స్పీడో మీటరు పెట్టించినట్టే. ఎన్నికలు వస్తే సాధారణంగా దాన్నీ స్టేషన్‌లో అప్పగించి రావాల్సిందే. ఎన్నికల కమిషన్‌కు కోడ్ ఉంది గాని పందులకు కోడ్ ఎక్కడిది?

లైసెన్సు అక్కరలేని ఎయిర్‌గన్‌కు స్కోపు పెట్టి పందిని కొట్టాలనుకునేవాళ్లూ ఉన్నారు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా దొరికే ఎయిర్‌గన్ బలం 20 జౌళ్లు మించకూడదు, గొట్టం .177 మించకూడదు. ఆ గింజ పంది తోలు మీద గాయం చేస్తుంది తప్ప ప్రాణం తీయదు. గాయపడ్డ పంది మరునాడు పొదలో ఏ ఆడకూలీ మీదికో ఉరుకుతుంది. ఆ గన్నుతో నెమలినో కోతినో కొట్టి కేసుల్లో ఇరుక్కునే ముచ్చట వేరే.

అసలు చిక్కు చట్టంలో, దాన్ని నడిపే తీరులో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. పంటకు ముప్పుగా మారిందని తేలితే 11వ సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి, కారణాలు రాసి, ఫలానా ప్రాంతం అని చెప్పి చంపడానికి అనుమతి ఇవ్వొచ్చు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. కూర వండుకుంటే నేరం. కేరళ 2022లో ఈ అనుమతి ఇచ్చే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల చేతిలో పెట్టింది. తమిళనాడు 2025 జనవరిలో వేరే దారి పట్టింది. రిజర్వు అడవికి కిలోమీటరు లోపల కాల్చకూడదు, ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల దాకా పట్టి అడవిలో వదలాలి, మూడు దాటితే అటవీ సిబ్బందే కాల్చాలి అంది. అడవిని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. కానీ డెంకణికోట, తళి వైపు చాలా పల్లెలు అడవి అంచునే ఉన్నాయి. ఎక్కువ నష్టపోయేవాడికి తక్కువ సాయం అందే లెక్క ఇది.

దానికి తోడు సరిహద్దు. అనుమతి ఒక రాష్ట్రం ఇచ్చేది, గట్టు దాటితే చెల్లదు. పగలు ఒక రాష్ట్రం గుట్టలో పడుకున్న పంది రాత్రికి ఇంకో రాష్ట్రం చేలో మేస్తుంది. తరిమితే వంక దాటి వెళ్లిపోతుంది. అటువైపు అధికారి ఇటు పంది మాది కాదంటాడు, ఇటువైపు అధికారి అటు చేను మాది కాదంటాడు. దరఖాస్తు ఒకచోట తమిళంలో, ఒకచోట కన్నడంలో, ఇంకోచోట మరాఠీలో, ఒడియాలో. తెలుగు తప్ప చదవలేని పెద్ద రైతు ఎవరినో బతిమాలి రాయించుకునేసరికి కాయ కాస్తా పోతుంది.

ఈలోగా ఓపిక చచ్చినవాడు కరెంటు తీగ లాగుతున్నాడు. అన్నిటికంటే చవకైనదీ, అన్నిటికంటే పాపిష్టిదీ అదే. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి దగ్గర పొలం చుట్టూ దొంగచాటుగా పెట్టిన కరెంటు కంచెకు మూడు ఏనుగులు బలయ్యాయి. రైతు అరెస్టయ్యాడు. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లి ఇలాంటి తీగల మీద పడి చచ్చిపోయిన మనుషులు ఎన్నో ఊళ్లలో ఉన్నారు. సోలార్ కంచె పద్ధతి వేరు. అది క్షణంలో చిన్న భాగం పాటు షాక్ కొట్టి వదిలేస్తుంది, జంతువు బెదిరిపోతుంది గాని చావదు. కింది తీగ జానెడు ఎత్తు దాటకుండా, గడ్డి తగలకుండా చూసుకుంటే పందిని బాగానే ఆపుతుంది. స్కోపు కోసం దాచిన డబ్బుకు ఇంకొంత జోడించి నలుగురు రైతులు కలిసి వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. దీనికి ప్రభుత్వాలు సబ్సిడీ పెంచితే తుపాకీ మాటే సగం తగ్గుతుంది.

మిగిలిన సగానికి కావాల్సింది శిక్షణ ఉన్న షూటర్లు. సరిహద్దు జిల్లాల అటవీ అధికారులు కలిసి కూర్చుని, ఆనుకుని ఉన్న పల్లెలకు ఒకే రోజుల్లో చెల్లే అనుమతులు ఎవరి రాష్ట్రం వాళ్లు ఇవ్వాలి. షూటర్ల పేర్ల జాబితా రెండువైపులా ఉండాలి. వాళ్ల రైఫిలు, స్కోపు ఏటా ఒకసారి పోలీసు రేంజిలో కాల్పించి గురి సరిచూడాలి. కాల్చేది మంచె మీది నుంచి కిందికే, గుండు నేలలో దిగేలా. బయలు మీద కాల్చిన రైఫిల్ గుండు గురి తప్పితే కిలోమీటర్లు పోతుంది, మన పల్లెలు అంత దూరదూరంగా లేవు. దరఖాస్తు ఫారాలు తెలుగులోనూ అచ్చువేసి పంచాయతీ ఆఫీసుల్లో ఉంచాలి, వచ్చిన అర్జీకి వారంలో అవునో కాదో చెప్పాలి. ఈ సమావేశం ఏటా శ్రావణంలోనే, చెనక్కాయకు ఊడలు దిగకముందే జరగాలి. కృష్ణగిరి, కోలారు, చిత్తూరు అధికారులు మొదలుపెడితే మిగతా సరిహద్దుల్లో అడగడానికి రైతులకు ఒక ఆధారం దొరుకుతుంది.