జీవన ఎరువుకు ముందు ఉదజని సూచిక

జీవన ఎరువు అన్ని నేలల్లోనూ ఒకే విధంగా పనిచేస్తుందని భావించడం సరికాదు. ఆరు ఖండాల్లో 237 చోట్ల సేకరించిన మట్టిని పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, బాక్టీరియా రకాల్లో కేవలం 2 శాతమే మొత్తం సంఖ్యలో దాదాపు సగమని తేలింది. ఏ రకం ఎక్కడ నిలదొక్కుకుంటుందో ప్రధానంగా నిర్ణయించేది నేల ఉదజని సూచిక. తటస్థ నేలల్లో బాక్టీరియా వైవిధ్యం అధికం. ఆమ్ల నేలల్లో అది సన్నగిల్లుతుంది. శిలీంధ్రాలు మాత్రం చాలావరకు తట్టుకుంటాయి.

అటువంటి నేలలో, సున్నం వేయకుండా వేరుశనగ విత్తనానికి రైజోబియం పట్టించినా వేరు బుడిపెలు ఆశించినన్ని రాకపోవచ్చు. అప్పు సొమ్ము మట్టిపాలే! 2015లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డులో ఈ సూచిక ఉంటుంది. పలువురు నత్రజని అంకె చూసి కార్డును చూరులో దోపేస్తున్నారు. డీలర్లు సైతం ఆ అంకె అడిగిన పిదపే ప్యాకెట్టు ఇవ్వాలని నా అభిప్రాయం. ఎండలో ఉంచిన ప్యాకెట్టునైతే అసలే అమ్మరాదు.