మీ ఇంటి సినిమాలకు... మీ ఇంట్లోనే సర్వర్!

నాచారం అనగానే పాతతరానికి ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియో గుర్తొస్తుంది. ఆయన సినిమాలు ఇప్పుడైనా ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. మరి మీ పెళ్లి వీడియో? బాబు అన్నప్రాశన రోజు నాన్నమ్మ పాడిన పాట? వాటికి రెండో ప్రింటు లేదు. ఇరవయ్యేళ్ల కిందట రాయించుకున్న సీడీల్లోని రంగు పొర ఎండకీ, వేడికీ, చెమ్మకీ పాడవుతుంది. పూర్తిగా పోకముందే వాటిని హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకోవాలి.

అందుకు మూలనపడ్డ కంప్యూటరే చాలు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ఆగిపోయింది. అలాగని పాత పీసీని తూకానికి వేసేయకండి. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే యునిక్స్ బాటలో వచ్చిన లినక్స్ అందులో హాయిగా నడుస్తుంది. ఉచితం కూడా!

ముందు అందులోని ఫొటోలన్నీ వేరే డిస్కులో దాచుకోండి. ఇన్‌స్టాల్ చేస్తే పాతవన్నీ చెరిగిపోతాయి. డెబియన్‌ను పెన్‌డ్రైవ్‌ నుంచి ఎక్కించేటప్పుడు డెస్క్‌టాప్ దగ్గర టిక్కు తీసేసి, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కు పెట్టండి. తర్వాత జెల్లీఫిన్ ఎక్కించండి. 2018లో ఎంబీ నుంచి విడిపడి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇక ఫోన్ బ్రౌజర్‌లో ఆ కంప్యూటర్ ఐపీ అడ్రసు, కోలన్, 8096 కొడితే తెర తెరుచుకుంటుంది. ఆ అడ్రసు మారిపోకుండా రూటర్లో ఖాయం చేసుకోండి.

వీడియోలున్న ఫోల్డర్ చూపించినా లైబ్రరీ ఖాళీగా ఉందా? కంగారొద్దు. జెల్లీఫిన్ తనకంటూ ఉన్న వేరే యూజర్ పేరుతో పనిచేస్తుంది. ఆ ఫోల్డర్‌ను చదివే అనుమతి ఆ యూజర్‌కి ఇవ్వాలి. బొమ్మ ఆగి ఆగి వస్తుంటే వైఫై బదులు కేబుల్ పెట్టి చూడండి. అప్పటికీ అంతేనా? వీడియోను టీవీకి పనికొచ్చే ఫార్మాట్‌లోకి అప్పటికప్పుడు మార్చలేక పాత ప్రాసెసర్ ఆయాసపడుతోందన్నమాట. అలాంటి ఫైళ్లను ముందే హెచ్.264లోకి మార్చి పెట్టుకోండి.

కరెంటు లెక్కా చూసుకోండి. 60 వాట్లు లాగే పీసీ రేయింబవళ్లు నడిస్తే నెలకు సుమారు 43 యూనిట్లు. గృహజ్యోతి కింద సున్నా బిల్లు అందుకునే ఇల్లయితే, 200 యూనిట్లు దాటగానే ఆ లాభం పోతుంది. రోజూ సాయంత్రం మూడు గంటలే నడిపితే అయిదారు యూనిట్లతో సరి. ఆపేటప్పుడు మాత్రం స్విచ్ కట్టేయకుండా పద్ధతిగా షట్‌డౌన్ చేయండి.

అసలు సంగతి చివర్లో... సర్వర్ ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు. అందులోని డిస్కూ ఒకనాడు పాడవ్వొచ్చు. కాబట్టి మీ సర్వర్ నాచారంలో ఉంటే, అన్నీ కాపీ చేసిన మరో హార్డ్‌డిస్కు ఉప్పల్లోని అక్కయ్యగారి బీరువాలో ఉండాలి. పండగకు వెళ్లినప్పుడల్లా తెచ్చి, కొత్త ఫొటోలు చేర్చి మళ్లీ ఇచ్చేయండి. అక్కడైనా, ఇక్కడైనా నాన్నమ్మ పాట భద్రం!