ఇంకో గదిలోకి టీవీ వైరు... ఎలా?

హాల్లో మనవడు క్రికెట్ పెట్టుకున్నాడు. నానమ్మకేమో సీరియల్ టైమైంది. వాడు రిమోట్ వదలడు, ఈవిడ కుర్చీ వదలదు. మధ్యలో నలిగిపోయేది కోడలు! ఇలా నాలుగు రోజులు గడిచాక 'నానమ్మ గదిలో ఇంకో టీవీ పెట్టేద్దాం' అని ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీదికొస్తారు.

టీవీ కొనడం ఒక పూట పని. కేబుల్‌ని ఆ గదిలోకి తీసుకెళ్లడమే అసలు పని. చాలా ఇళ్లలో ఏం చేస్తారంటే... హాల్లోంచి నల్ల వైరు లాగి, గుమ్మం పక్కనుంచి తిప్పి, చాప కింద దాచేస్తారు. తలుపు వేసినప్పుడల్లా ఆ వైరు నలుగుతుంది. లేదంటే కిటికీలోంచి లాగుతారు. ఇక ఆ కిటికీ రెక్క పూర్తిగా పడదు, దోమలకి రాజమార్గం! అన్నిటికన్నా ప్రమాదం నేల మీద వైరు. రాత్రి బాత్‌రూమ్‌కి లేచిన పెద్దావిడ కాలికి అది చుట్టుకుంటే? ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి నడవడానికి నెలలు పట్టొచ్చు. అందుకే ఈ పని గోడలోంచో, గోడ మీదుగానో పద్ధతిగా చేయించుకోవాలి.

ముందు ఇది తేల్చుకోండి

మీ ఇంటికి వచ్చేది కేబులా, డిష్షా? రెంటికీ వైరు చూడ్డానికి ఒకేలా ఉంటుంది కానీ లోపల జరిగే పని వేరు.

కేబుల్ అయితే వచ్చే వైరుకి స్ప్లిటర్ పెట్టి రెండుగా చీల్చొచ్చు. డిష్‌కి అది కుదరదు. గొడుగు ముందుండే ఎల్‌ఎన్‌బీకి కరెంటు మన సెట్‌టాప్ బాక్సే పంపుతుంది. 13 వోల్టులా, 18 వోల్టులా అన్నదాన్ని బట్టి ఏ చానెళ్ల సిగ్నల్ కిందికి దిగాలో తేలుతుంది. ఒకే వైరుకి రెండు బాక్సులు తగిలిస్తే ఒకటి 13 అంటుంది, ఇంకోటి 18 అంటుంది. ఒక టీవీలో బొమ్మ వస్తే రెండోదాంట్లో పోతుంది. కాబట్టి రెండు దారులున్న ట్విన్ ఎల్‌ఎన్‌బీ పెట్టించి, గొడుగు దగ్గర్నుంచే రెండో వైరు వేరుగా దింపాలి.

ఇంకో సంగతి. పాతరోజుల్లో వైరు చీల్చి టీవీకి గుచ్చితే చాలు, బొమ్మ వచ్చేసేది. కేబుల్ డిజిటల్ అయ్యాక ఆ సుఖం పోయింది. ఆ మార్పుకి హైదరాబాద్, విశాఖపట్నాలకు 2013 మార్చి 31, పల్లెలకు 2017 మార్చి 31 గడువులు పెట్టారు. ఇప్పుడు ప్రతి టీవీకీ సొంత బాక్సు ఉండాల్సిందే. ఒకే బాక్సు నుంచి రెండు టీవీలకు వైర్లు లాగితే రెండింట్లోనూ ఒకే చానెల్ వస్తుంది. అంటే మనవడు క్రికెట్ చూస్తుంటే నానమ్మా క్రికెట్టే చూడాలి. గొడవ మళ్లీ మొదటికొస్తుంది!

చీల్చేకొద్దీ పలచన

సిగ్నల్ కుళాయి నీళ్లలాంటిది. రెండు దారుల స్ప్లిటర్ పెడితే ఒక్కో వైపు సగం కన్నా కాస్త తక్కువే వెళ్తుంది. లెక్కల్లో చెప్పాలంటే సుమారు 3.5 డెసిబెల్స్ నష్టం. నాలుగు దారులదైతే నష్టం 7 డెసిబెల్స్ దాకా ఉంటుంది. రెండు టీవీలకు రెండు దారులదే కొనండి. 'తర్వాత పనికొస్తుంది' అని నాలుగుదారులది పెట్టారో, ఉన్న సిగ్నల్ కూడా చేజేతులా పోగొట్టుకున్నట్టే.

పాత అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గితే తెరమీద చుక్కలు పడేవి. అయినా కథ అర్థమయ్యేది. డిజిటల్‌లో అలా కాదు. ఒక హద్దు దాకా బొమ్మ అద్దంలా ఉంటుంది. ఆ హద్దు దాటగానే గళ్లుగళ్లుగా విరిగి, 'నో సిగ్నల్' అని వచ్చేస్తుంది.

వైరు విషయంలో పిసినారితనం వద్దు. ఆర్‌జీ-6 అని రాసి ఉన్న కోయాక్సియల్ వైరు అడగండి. సన్నగా ఉండే పాతరకం ఆర్‌జీ-59 కన్నా ఇందులో నష్టం తక్కువ. అలాగని ఇదీ పూర్తిగా నిలబెట్టదు. పై ఫ్రీక్వెన్సీల్లో వంద అడుగులకు సుమారు 6 డెసిబెల్స్ పోతాయి. అందుకే దగ్గరి దారి చూసుకోవాలి.

గోడ జోలికి వెళ్లేముందు...

కొత్త ఇళ్లలో చాలాసార్లు టీవీ కోసం ఖాళీ పైపు ముందే వేసి ఉంచుతారు. పడగ్గదిలో ఏమీ బిగించని ఖాళీ బాక్సు ఉందేమో చూడండి. ఉంటే సగం పని అయినట్టే. ఎలక్ట్రీషియన్ స్ప్రింగ్ తీగ తోసి, దానికి వైరు కట్టి అవతలి నుంచి లాగేస్తాడు.

పైపు లేకపోతే గాడి కొట్టాలి. ఇటుక గోడలో ఫర్వాలేదు. పిల్లర్‌నీ బీమ్‌నీ మాత్రం ముట్టుకోనివ్వకండి. లోపలి ఊచ బయటపడితే ఇంటి బలానికే ఎసరు. అపార్ట్‌మెంట్ కాంక్రీటు గోడలతో కట్టిందైతే గాడి ఆలోచనే మానుకోండి. స్విచ్‌బోర్డుకి సూటిగా పైనా కిందా కరెంటు పైపు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ వరసలో ఉలి పెట్టొద్దు. పని మొదలుపెట్టేముందు మెయిన్ ఆఫ్ చేయాల్సిందే.

పైపు లోపల వైరుని లంబకోణంలో విరవకూడదు. మలుపు గుండ్రంగా తిరగాలి. గోడ లోపల అతుకు అసలే వద్దు. ఆ అతుకు పాడైతే గోడ మళ్లీ పగలగొట్టాలి మరి.

కరెంటు పైపులోంచి లాగొద్దు!

ఈ ఒక్క మాటా మర్చిపోవద్దు. 'ఆ పైపులో చోటుంది కదండీ, అందులోంచే లాగేస్తా' అంటారు కొందరు పనివాళ్లు. ఒప్పుకోకండి. ఎప్పుడో ఒకనాడు కరెంటు వైరు తొడుగు ఎండకో, వేడికో, ఎలక పంటికో చిట్లుతుంది. ఆ 230 వోల్టులు టీవీ వైరు మీది జాలీలోకి పాకితే, టీవీ వెనక చెయ్యి పెట్టినవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. టీవీ వైరుకి వేరే పైపు, వేరే బాక్సు ఉండాలి. రెండూ ఎదురుపడక తప్పని చోట అడ్డంగా దాటించాలి తప్ప పక్కపక్కనే పడుకోబెట్టకూడదు.

కొస దగ్గరే కిటుకు

'నో సిగ్నల్' అని వచ్చినప్పుడు ముందు చూడాల్సింది కొసనే. పై తొడుగు వలిచాక జాలీని వెనక్కి మడవాలి. మధ్య తీగ ఒంటరిగా నిలబడాలి. జాలీలోని ఒక్క వెంట్రుక లాంటి పోగు మధ్య తీగకి తగిలినా బొమ్మ రాదు. చేత్తో తిప్పి బిగించే కనెక్టర్ కొన్నాళ్లకు వదులైపోతుంది. పనిముట్టుతో నొక్కి బిగించేది పెట్టమనండి. డిష్ వైరు ముట్టుకునేముందు బాక్సు ప్లగ్ తీసేయాలి.

వైరు లాగాక టీవీ పెట్టి అన్ని చానెళ్లూ తిప్పి చూసుకున్నాకే సిమెంటు పూయించండి. పూత ఆరాక తప్పు దొరికితే ఖర్చు రెట్టింపు.

అద్దె ఇల్లైతే?

గోడ కొట్టక్కర్లేదు. తెల్లటి ప్లాస్టిక్ కేసింగ్ దొరుకుతుంది. గోడ అడుగు పట్టీ వెంబడి తీసుకెళ్లి గుమ్మం చుట్టూ తిప్పితే వైరు కనబడదు, కాలికీ తగలదు. ఇల్లు మారేటప్పుడు వైరూ మనతోనే వచ్చేస్తుంది. నాలుగు మేకు రంధ్రాలకు మాత్రం ఓనర్‌ని ఒక మాట ముందే అడగండి.

సొంత ఇంట్లో గాడి కొట్టిస్తుంటే మాత్రం ఇంకో పని చేయండి. ఒకటి బదులు రెండు పైపులు వేయించి, రెండోదాంట్లో ఓ నైలాన్ తాడు వదిలేయండి. ఇవాళ కేబుల్, రేపు ఇంటర్నెట్ వైరు, ఎల్లుండి ఇంకేదో! ఏది వచ్చినా ఆ తాడుకి కట్టి లాగేయొచ్చు. గోడకి మళ్లీ ఉలి దెబ్బ తగలదు.