మాస్టారి ముచ్చట్లు: పెరిగే పిల్లలకు పెద్ద సైకిలు కొనవచ్చునా?

పిల్లలూ,

బడులు తెరిచే రోజులు వచ్చాయి. మా నారాయణఖేడులో ఈ రోజుల్లో పుస్తకాల కొట్టు ఎంత కిటకిటలాడుతుందో సైకిళ్ళ కొట్టు కూడా అంతే. మా ఖేడు తాలూకా 1956 దాకా బీదరు జిల్లాలో ఉండేది. తరువాత మెదకు జిల్లాలో చేరింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. జిల్లాలు మారాయి గాని, చుట్టుపట్ల పల్లెలనుంచీ, తండాలనుంచీ పెద్దబడికి వచ్చే పిల్లల దారి మాత్రం పొట్టిది కాలేదు. ఐదు కిలోమీటర్లు నడవాలంటే గంటకు పైగా పడుతుంది. సైకిలు మీద ఇరవై నిమిషాలు చాలు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు కొనుక్కోవడానికి డబ్బు ఇవ్వసాగింది. దానితో హైస్కూలులో చేరే బాలికల సంఖ్య బాగా పెరిగింది. కనక సైకిలు ఆటవస్తువు కాదు. అది చదువుకు దారి.

తక్కువ డబ్బుతో మంచి సైకిలు ఎట్లా ఏరుకోవాలి? దానితోపాటు హెల్మెట్ కూడా కావాలా? ఈ రెండు సంగతులూ ఈ నెల చెప్పుకుందాం. మీరు చదివి, మీ అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించండి.

మన ఇళ్ళలో ఒక అలవాటు ఉన్నది. పెరిగే పిల్లలు గదా అని చొక్కా ఒక సైజు పెద్దది కుట్టిస్తారు. చొక్కా వదులైతే ప్రమాదం లేదు. అదే లెక్కన సైకిలు కూడా పెద్దది కొంటారు. ఇంట్లో తాతగారి నాటి 28 అంగుళాల చక్రాల సైకిలుంటే దాన్నే ఇస్తారు. పిల్లవాడు కడ్డీ కింద నుంచి ఒక కాలు దూర్చి, ఒంటిప్రక్కకు వంగి తొక్కుతాడు. చూసేవారికి అది గొప్పగానే ఉంటుంది. కాని ఎదురుగా మేక అడ్డం వస్తే? కాలు నేలకు అందదు, చేతివేళ్ళు బ్రేకుకు అందవు. సైకిలును పిల్లవాడు నడపడం మాని, పిల్లవాణ్ణి సైకిలే నడుపుతుంది!

సరిపోయే సైకిలును ఇట్లా గుర్తించాలి. రెండు కాళ్ళ మధ్య కడ్డీ ఉండేట్టు నిలబడండి. పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. కడ్డీకీ మీకూ మధ్య ఒకటి రెండు అంగుళాల సందు ఉండాలి. సీటు మీద కూర్చుంటే, కొత్తగా నేర్చుకునేవారికి పాదాలు నేలకు ఆనాలి. నేర్చినవారికి మునివేళ్ళు తగిలితే చాలు. హ్యాండిల్ పట్టుకుని వేళ్ళు చాపితే బ్రేకు అందాలి. సుమారుగా ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వారికి 20 అంగుళాల చక్రం, పన్నెండేళ్ళ దాకా 24 అంగుళాలు, ఆపైన 26 అంగుళాలు సరిపోతాయి. కాని వయస్సు కన్న ఎత్తే ముఖ్యం. కొట్టుకు పిల్లవాణ్ణి వెంట తీసుకుపోకుండా సైకిలు కొనవద్దు.

“ఏడాదికే పొట్టిదైపోతుంది గదా?” అని నాన్నగారు అడగవచ్చు. దానికి ఉపాయం సీటులోనే ఉన్నది. సీటు కింది గొట్టాన్ని, దాని మీద గుర్తు ఉన్నంతవరకు, పైకి లేపుకోవచ్చు. ఒకటి రెండేళ్ళు అట్లా గడుస్తాయి. తరువాత తమ్ముడో చెల్లెలో తొక్కుతారు.

కొత్తదే కావాలని పట్టుపట్టకండి. పాతదైనా ఈ ఐదు పరీక్షలకూ నిలిస్తే మంచిదే:

1. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి హ్యాండిల్ తిప్పండి. అది దానంతటది జారి తిరిగితే బిగువు చాలదు.

2. చక్రాన్ని పైకెత్తి తిప్పండి. రిమ్ము అటూయిటూ ఊగుతూ బ్రేకు రబ్బరుకు రాసుకుంటే పుల్లలు సరిచేయించాలి.

3. ఒక్కొక్క బ్రేకే పట్టి సైకిలును నెట్టండి. ఆ చక్రం తిరగకూడదు.

4. ఫ్రేము అతుకుల దగ్గర చీలిక గాని, వంపు గాని ఉన్నదేమో చూడండి. ఉంటే ఎంత చవకైనా వద్దు.

5. టైరు పగుళ్ళు, చెయిను వదులు, పెడళ్ళ ఊపు చూడండి. ఇవి మార్చగల వస్తువులే. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.

గేర్లున్న సైకిలు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కాని ధర ఎక్కువ, మరమ్మతు ఎక్కువ. చదునైన దారిలో బడికి పోవడానికి గేర్లు అక్కరలేదు. అట్లా మిగిలిన డబ్బును ఎక్కడ పెట్టాలి? తల మీద పెట్టాలి! ఎందుకో ఒక కథ చెప్తాను.

అరేబియా లారెన్స్ అని పేరుపడిన టి. ఇ. లారెన్స్ అనే ఇంగ్లీషువాడు ఉండేవాడు. 1935 మే 13న ఆయన మోటారు సైకిలు మీద తన ఇంటికి తిరిగి వస్తున్నాడు. రోడ్డు ఒకచోట పల్లానికి దిగడంవల్ల ఎదురుగా ఏమున్నదీ కనబడలేదు. తీరా చూస్తే ఇద్దరు కుర్రవాళ్ళు సైకిళ్ళ మీద పోతున్నారు. వాళ్ళను తప్పించబోయి ఆయన ఎగిరి పడ్డాడు. కుర్రవాళ్ళు బతికారు. లారెన్స్ తలకు దెబ్బతగిలి ఆరు రోజులకు చనిపోయాడు. ఆయనకు హెల్మెట్ లేదు.

చికిత్సకు పిలిపించిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆ చావును ఆయన మరచిపోలేదు. మోటారు సైకిళ్ళ ప్రమాదాలను పరిశీలించి, హెల్మెట్ వల్ల ప్రాణాలు దక్కుతాయని 1941లో రాశాడు. ఆ ఏడాది నవంబరులోనే బ్రిటిషు సైన్యం తన మోటారు సైకిలు వార్తాహరులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది.

“అది మోటారు బండి గదా, మాది మామూలు సైకిలే” అంటారేమో. లెక్క వేద్దాం. మీ తల నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్నదనుకోండి. అంత ఎత్తునుంచి పడే వస్తువు నేలను తాకేసరికి దాని వేగం గంటకు సుమారు 19 కిలోమీటర్లు. నిలబడివున్న సైకిలు మీదినుంచి పడ్డా ఇంతే! క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కు తీస్తారు గదా? బంతి ఆగడానికి కొంచెం చోటు దొరికితే అరచేయి మండదు. హెల్మెట్ లోపలి థర్మోకోలు చేసే పని అదే. అది నలిగి, తల ఆగడానికి రెండు మూడు వేళ్ళంత కాకపోయినా, ఒక వేలంత చోటు ఇస్తుంది. ఒకసారి నలిగిన థర్మోకోలు మళ్ళీ పొంగదు. కనక గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను, పైకి బాగానే ఉన్నా, పారవేయాలి. అందుకే హెల్మెట్ మాత్రం పాతది కొనవద్దు.

నాన్నగారి మోటారు సైకిలు హెల్మెట్ పెట్టుకుంటే పోదా? పోదు. అది ఒక కిలో, అంతకు పైగా తూగుతుంది. మీ తల మీద తిరుగుతుంది. సైకిలు హెల్మెట్ దానిలో మూడో వంతు బరువైనా ఉండదు. గాలి ఆడడానికి సందులుంటాయి. లోపలి చీటీ మీద ఇ.ఎన్. 1078 అనో, సి.పి.ఎస్.సి. అనో ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నదేమో చూడండి. ఇవి యూరపు, అమెరికా దేశాల పరీక్షల గుర్తులు. మన దేశంలో మోటారు సైకిలెక్కే నాలుగేళ్ళు దాటినవారందరికీ హెల్మెట్ ఉండాలని చట్టం. సైకిలుకు మోటారు లేదు గనక ఆ చట్టం దానికి వర్తించదు. కాని చట్టం అడగలేదని రాయి మెత్తబడదు గదా!

హెల్మెట్ నుదుటి మీదికి, కనుబొమలకు రెండు వేళ్ళ పైకి రావాలి. వెనక్కు జారితే లాభం లేదు. పట్టీలు చెవి కింద కలవాలి. గడ్డం కింద ఒకటి రెండు వేళ్ళు మాత్రమే పట్టాలి. తల ఊపితే కదలకూడదు. అమ్మాయిలు ముడి పైకెత్తి కట్టకుండా జడ కిందికి వేసుకోవాలి. కిరసనాయిలుతో తుడవడం, రంగులు పూయడం చేస్తే థర్మోకోలు పాడవుతుంది.

హెల్మెట్ ఉన్నదని లారీలకు అడ్డం పోకండి. ఎడమప్రక్కనే పోండి. వానలో తడిసిన ఇనప రిమ్ము మీద బ్రేకు సరిగా పట్టదు. చాలా ముందునుంచే పట్టండి.

పెద్దలకు ఒక మాట. సైకిలుకని ఎంత డబ్బు తీసి ఉంచారో, అందులో ముందు హెల్మెట్‌కు, తరువాత బ్రేకులకు పక్కన పెట్టండి. మిగిలినదానితో పిల్లవాడి కాలు నేలకు అందే సైకిలు, కొత్తదైనా పాతదైనా, కొనండి.

ఈ నెల పని: ఒక దారం తీసుకుని, కనుబొమల పైగా తల చుట్టూ తిప్పి, దాన్ని స్కేలు మీద కొలవండి. హెల్మెట్ సైజు ఆ సెంటీమీటర్ల లెక్కనే ఉంటుంది. మీ ఇంట్లో అందరి తలలూ కొలిచి నోటుపుస్తకంలో రాసుకోండి. ఎవరి తల పెద్దదో తేలుతుంది. కొట్టుకు వెళ్ళేటప్పుడు ఆ కాగితం జేబులో ఉండనివ్వండి.

మీ మాస్టారు