ప్లేటులో లేని చరణం

ఇంగ్లీషు కౌబాయ్ పిక్చర్లు చూసే అలవాటున్న పాఠక మిత్రులు ఒక వింత పియానోను గమనించే వుంటారు. సారాకొట్టులో ఓ మూల అది తనంతట తానే మోగిపోతూ వుంటుంది. ముందు మనిషుండడు. మెట్లు మాత్రం పూనకం వచ్చినట్టు పైకీ కిందికీ ఆడుతుంటాయి. దయ్యమూ లేదు, మంత్రమూ లేదు సుమండీ! లోపల చిల్లులు పొడిచిన కాగితం చుట్ట ఒకటి తిరుగుతుంది. చిల్లు వచ్చినచోట గాలి దూరి, ఆ స్వరం తాలూకు మెట్టుని కదుపుతుంది. దాని పేరు ప్లేయర్ పియానో. తనంతట తానే అన్నాను గాని, అందులో చాలావాటికి ముందు ఎవరో ఒకరు కూర్చుని కాళ్ళతో తొక్కుతూ వుండాలి. తొక్కడం ఆగిందా, పాటా ఆగింది!

ఆ తొక్కేవాడి అవస్థ నాకు బాగా తెలుసు. మా తాతయ్యగారింట్లో పియానో లేదు గాని, దానికి పినతల్లి కూతురులాంటి గ్రామఫోను వుండేది. దానికి కీ ఇచ్చే ఉద్యోగం నాది!

తెనాలి దగ్గర పల్లెటూరు. 1995 వేసవి సెలవులు. నాకు ఎనిమిదేళ్ళు. అప్పటికి ఊళ్ళో ప్రతి ఇంటా టేప్‌రికార్డర్లు అరుస్తున్నాయి. మా తాతయ్య మాత్రం సాయంత్రం అరుగుమీద నీళ్ళు చల్లించి, చాప వేయించి, నల్లపెట్టె బయటికి తీసేవారు. మూత లోపల, గొట్టంలోకి చెవి వొగ్గి కూర్చున్న కుక్కబొమ్మ. ఆ కుక్క పేరు నిప్పర్ అనీ, ఫ్రాన్సిస్ బరో అనే చిత్రకారుడు గీశాడనీ చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పట్లో నా అనుమానమల్లా ఒక్కటే: ఇంతసేపు వింటున్న కుక్క ఒక్కసారైనా మొరగదేం?

ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరగాలి. కీ సరిగా ఇవ్వకపోతే సగం పాటలో స్ప్రింగు నీరసించేది. అంతవరకూ తేనెలా వున్న లీలగారి గొంతు కాస్తా సాగి సాగి ఘటోత్కచుడి గొంతైపోయేది. పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం. తాతయ్య మాత్రం "ఒరేయ్, పాట చచ్చిపోతోందిరా, తిప్పు!" అని కంగారుపడేవారు. పాటకొక ముల్లు మార్చాలి. ముళ్ళ డబ్బాలు బజార్లో దొరకడం ఏనాడో మానేశాయి. అంచేత పాత ముళ్ళనే సానరాయి మీద నూరేవారు. ఒకసారి తుమ్మముల్లు కూడా పెట్టి చూశారు. నమ్మండి, నమ్మకపోండి, పాట వచ్చింది! పక్కింటివాళ్ళకి వినబడనంత మెల్లగా వచ్చింది.

ఆ పెట్టెలో ఇరవై ముప్ఫై ప్లేట్లుండేవి. అందులో ఒకటి అమ్మమ్మకి ప్రాణం. పాట పేరు మాత్రం చెప్పను. చెబితే మీరు ఇప్పుడే ఫోను తీసి వినేస్తారు. వినేస్తే ఈ కథ నేను చెప్పనక్కర్లేదు!

ఆ ప్లేటు వేసినప్పుడల్లా ఓ తంతు జరిగేది. పాట అయిపోయి ముల్లు చివరి గాడిలో గరగరలాడుతుండగా, చేటలో బియ్యం ఏరుకుంటున్న అమ్మమ్మ తలెత్తకుండానే ఇంకో చరణం అందుకునేది. అదే వరస, అదే తూగు. కాని ప్లేటులో లేని చరణం!

"అదెక్కడిదే? ప్లేటులో లేదే!" అనేవారు తాతయ్య.

"ప్లేటులో లేకపోతే సినిమాలో వుందండీ. నా చెవులతో విన్నాను."

"నేల టిక్కెట్టులో కునికిపాట్లు పడుతూ కలగనుంటావు."

"కలో నిజమో మళ్ళీ వినండి, అయితే!" అంటూ మొదటినుంచీ పాడేది. వంద రూపాయల పందెం కూడా వుండేది వాళ్ళిద్దరికీ. ఎవరు గెలిచారో తేల్చే దారి లేదు. ఆ సినిమా ఆడిన టూరింగ్ టాకీసే లేదు, సినిమా ఎక్కడ దొరుకుతుంది?

పిల్లలందరం తాతయ్య పక్షమే. కళ్ళెదుట ప్లేటు తిరుగుతోంటే చేటలో బియ్యం మాట ఎవడు నమ్ముతాడు? క్రమంగా అదొక సామెతైపోయింది మాకు. అమ్మమ్మ చిన్నప్పుడు కృష్ణ కాలవ ఈదానన్నా, వాళ్ళ నాన్నకి గుర్రబ్బండి వుండేదన్నా, అందరం ఒక్క గొంతుతో "ప్లేటులో లేదే!" అనేవాళ్ళం.

1997లో మా పిన్ని పెళ్ళికి ఇల్లంతా చుట్టాలు. ఎవరో ఆ ప్లేటు వేయమన్నారు. పాటయ్యింది. అమ్మమ్మ కొత్త చీరలో, పదిమంది మధ్య, కాస్త సిగ్గుపడుతూనే చరణం అందుకుంది. రెండో పాదం పూర్తి కాకుండానే నేను లేచి నిలబడి, "ప్లేటులో లేదు! సొంత కవిత్వం!" అని అరిచాను. అందరూ గొల్లున నవ్వారు. నా హాస్యానికి నేనే మురిసిపోయాను.

అమ్మమ్మ కూడా నవ్వింది. నవ్వి ఊరుకుంది. మళ్ళీ ఆ చరణం పాడలేదు. తాతయ్య మళ్ళీ ఆ ప్లేటు వేయలేదు. నేను అడిగితే "దానికి గీత పడిందిరా" అన్నారు. ముల్లు పెట్టే మనిషికి తెలియాలి గాని నాకేం తెలుసు, సరే అనుకున్నాను.

తాతయ్య 2004లో పోయారు. అమ్మమ్మ 2010లో.

ఇక్కడో చిన్న సంగతి చెప్పాలి. పది అంగుళాల 78 ప్లేటు ఒక పక్క మూడు, మూడున్నర నిమిషాలు పాడుతుంది. అంతే! సినిమాలో అయిదు నిమిషాలున్న పాట దానికి పట్టదు. అంచేత కొన్ని పాటల్ని రెండు పక్కలకీ విడగొట్టారు. కొన్నిటికి చరణమో, మధ్య వాద్యసంగీతమో తగ్గించారు. రేడియోలో వేసేదీ ఆ ప్లేట్లే. ఇక తగ్గిన చరణం ఎక్కడ మిగులుతుంది? తెరమీద, తెరముందు కూర్చున్నవాళ్ళ చెవుల్లో.

సినిమాల మీద రాసి పొట్టపోసుకుంటున్న నాకే ఈ ముక్క ఆలస్యంగా తెలిసింది. 2019లో ఏదో వ్యాసం కోసం ఆ పాత చిత్రం పూర్తిగా చూడాల్సి వచ్చింది. పాట మొదలైంది. ప్లేటు ఆగే చోటు నాకు గుర్తే. అక్కడికి రాగానే చెయ్యి అలవాటుగా ముల్లెత్తడానికి లేచింది. పాట ఆగలేదు. వేణువు వచ్చింది. ఆ తర్వాత అమ్మమ్మ చరణం వచ్చింది. ఒక్క మాట తేడా లేదు! రెండో పాదం దగ్గర తీసే ఊపిరితో సహా, అచ్చం చేట దగ్గర విన్నట్టే.

వెంటనే అమ్మకి ఫోను చేసి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "అమ్మమ్మ గెలిచిందమ్మా. తాతయ్య వంద రూపాయలు బాకీ" అన్నాను.

"మీ తాతయ్యకి తెలీకనా?" అంది అమ్మ. "కొత్తగా పెళ్ళయినప్పుడు ఆ సినిమాకి మూడుసార్లు తీసుకెళ్ళింది ఆయనే. పక్కనే కూర్చున్నారు. లేదు లేదని ఆయనంటేనే కదరా, ఉందని ఆవిడ మళ్ళీ పాడేది!"

తాతయ్య కూడా నాలాగే కీ ఇచ్చేవారన్నమాట! ఆయన కీ ఇస్తే పాట నడిచింది. నేనిస్తే స్ప్రింగు తెగింది.

గ్రామఫోను ఇప్పుడు నా గదిలో వుంది. ఆ ప్లేటూ వుంది. దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా ఒక్క గీత లేదు.

మీ ఇళ్ళల్లో ఎవరైనా పెద్దావిడ పనిచేసుకుంటూ మీకు తెలియని చరణం పాడుతుంటే ఫోను తీసి వెతక్కండి. "అదెక్కడిది? లేదే!" అనండి. అనేసి, నోరు మూసుకుని వినండి.