నిబంధన కంపెనీది, చేయి ఎవరిది?

అమెరికాలో బానిసత్వ నిర్మూలన ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సభలలో అబ్రహాం లింకన్ పేరే మారుమ్రోగుతుంది. ఫిలడెల్ఫియా ఉపాధ్యాయుడు ఆక్టేవియస్ కాటోను స్మరించేవారు అరుదు. రైల్వే, తపాలా కార్మికులు ఆయనను తెలుసుకొని తీరవలెనని మా అభిప్రాయం. ఆయన సాగించిన ప్రధాన పోరాటం ప్రయాణపు బండి మెట్ల వద్దనే జరిగింది.

1839లో చార్ల్‌స్టన్‌లో స్వతంత్ర నల్లజాతి కుటుంబాన జన్మించిన కాటో, ఫిలడెల్ఫియాలో నల్లజాతి యువజనుల విద్యాలయంలో చదివి, అక్కడే అధ్యాపకుడైనాడు. 1863లో, అంతర్యుద్ధ కాలంలో, శిష్యులతో సహా సైన్యంలో చేరబోగా హారిస్‌బర్గ్‌లో అధికారులు త్రిప్పి పంపారు.

ఆనాడు నగరంలో గుర్రపు ట్రాములు నడిచేవి. పెక్కు కంపెనీలు నల్లవారిని ఎక్కనిచ్చేవి కావు. కొన్ని మాత్రం ముందరి అరుగుపై, ఎండకూ వానకూ, నిలబడనిచ్చేవి. శివారులోని విలియం పెన్ శిబిరంలో నల్ల సైనికులు దేశం కోసం శిక్షణ పొందుతూ ఉంటే, వారిని చూడబోయే తల్లులకు, భార్యలకు ట్రాములో చోటు లేదు. 1865లో కంపెనీలు ఈ విషయమై ప్రయాణికుల చేత వోట్లు వేయించాయి! ఫలితం వేరే చెప్పనక్కరలేదు. ఆ ఏడు మే నెలలో ఒక నల్ల ప్రయాణికుడు దిగనని భీష్మించగా, కండక్టరు బండిని పట్టాలు తప్పించి, గుర్రాలను విప్పుకొని పోయాడు. ఆ మనిషి రాత్రంతా అందులోనే కూర్చున్నాడు.

ఆ కండక్టరు యజమాని కాడు, కార్మికుడే. ఇది మనకు ఇబ్బంది కలిగించే సంగతి, అయినా దాటవేయరాదు. నిబంధన కంపెనీదే కావచ్చు, నల్లవారిని క్రిందికి త్రోసిన చేయి మాత్రం జీతగానిది. "పైవారి ఉత్తరువు" అనే జవాబు మన కౌంటర్ల వద్ద వినబడదా? తపాలా సోదరులకు మరొక మాట: తెల్లవారు తప్ప అన్యులు తపాలా మోయరాదని అమెరికా 1802లో చేసిన చట్టం 1865 దాకా అమలులో ఉండినది.

కాటో ఆవేశాన్ని మాత్రమే నమ్ముకొనలేదు. సమాన హక్కుల సమితిలో పనిచేసి, శాసనసభ్యుల చుట్టూ తిరిగి, 1867 మార్చి 22న ట్రాములలో వివక్షను నిషేధించే పెన్సిల్వేనియా చట్టాన్ని సాధించినవారిలో ముఖ్యుడైనాడు. కొద్ది దినాలకే, ఆయన వివాహమాడదలచిన ఉపాధ్యాయిని కెరొలీన్ లెకౌంట్‌ను ఒక కండక్టరు ఎక్కనివ్వలేదు. ఆమె ఊరకుండక ఫిర్యాదు చేసింది. 100 డాలర్ల జరిమానా పడింది. చట్టానికి ప్రాణం వచ్చినది అప్పుడే.

1870లో 15వ రాజ్యాంగ సవరణ నల్ల పురుషులకు వోటు హక్కును ధ్రువపరచింది. 1871 అక్టోబరు 10న, ఎన్నికల నాడు, నల్ల వోటర్లపై దౌర్జన్యం చెలరేగింది. సౌత్ వీధిలో, తన ఇంటి సమీపంలోనే, కాటోను ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. అప్పటికి ఆయనకు 32 ఏండ్లు. ఫ్రాంక్ కెల్లీ అనేవాడిని 1877లో విచారించారు. ప్రత్యక్ష సాక్షులు గుర్తించినా జ్యూరీ వానిని నిర్దోషి అన్నది. నగరపాలక భవనం ప్రక్కన కాటో విగ్రహం వెలసినది 2017లో.